కోడి కూయక ముందే అంబలి

కొయ్యూరు పేరు వింటే తెలుగువాళ్ళకు గుర్తొచ్చేది ఒక్క తేదీ: 1924 మే 7. మంప దగ్గర పట్టుబడిన అల్లూరి సీతారామరాజును ఆ రోజు ఇక్కడికి తెచ్చి, విచారణ మాటే లేకుండా చెట్టుకు కట్టి కాల్చేశారు. అదే ఏడాది, ఎక్కడో నీలగిరుల్లోని కూనూరులో పనిచేస్తున్న మెక్‌కారిసన్, నారిస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు బియ్యానికీ బెరిబెరి జబ్బుకీ ఉన్న సంబంధం మీద తమ పరిశోధనను ప్రచురించారు. మద్రాసు రాజధాని మొత్తంలో ఆ జబ్బు తిష్ఠ వేసిన చోటు మన ఉత్తర సర్కారు జిల్లాలు. మన్యం చరిత్ర రాసేవాళ్ళు ఈ రెండోదాన్ని పట్టించుకోరు. ఆహారం గురించి రాసేవాళ్ళకు మొదటిదానితో పని లేదు. తెల్లారకముందే ఇల్లు వదిలే మనిషి ఏం తిని వెళ్ళాలి అని అడిగితే మాత్రం రెండూ ఒక్క చోటికి వస్తాయి.

కొయ్యూరులో ఆ ప్రశ్న ఇవాళ రోజూ ఎదురయ్యేదే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది, కొయ్యూరు అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. కాగితం మీద జిల్లా కేంద్రం పాడేరు. బజారు పనికైనా బస్సు మారడానికైనా జనం దిగేది నర్సీపట్నంలోనే. కలెక్టరేటులో పని పడితే ఘాట్ ఎక్కి పాడేరు పోవాలి, అది ఒక పూట ప్రయాణం. కింద నుంచి పైకి వచ్చే టీచర్లు, నర్సులు ఉన్నారు. పై నుంచి కిందికి దిగే విద్యార్థులు, కూలీలు, సంతకు సరుకు మోసుకెళ్ళేవాళ్ళు ఉన్నారు. పొయ్యి వెలిగే వేళకే వీళ్ళు రోడ్డు మీద ఉంటారు. ఇంట్లో ఏమీ తినరు. దిగాక బస్టాండు పక్కన పూరీ, లేదంటే మైసూరు బజ్జీ. జేబు బరువును బట్టి ఒక్కోసారి టీ, బిస్కెట్‌తోనే సరి.

పొద్దున వండే తీరిక లేకనే ఇలా అయిందంటారు. అసలు తీరిక ఎప్పుడుంది? పోడుకు వెళ్ళేవాడూ కోడి కూయక ముందే కొండెక్కాడు. అడవిలో చింతపండు, కరక్కాయలు ఏరడానికి వెళ్ళే ఆడవాళ్ళు ఇంకా ముందు లేచారు. తేడా ఎక్కడుందంటే, వాళ్ళ పొద్దుటి తిండి పొద్దున వండింది కాదు.

రాగులను ఇక్కడ చోళ్ళు అంటారు. చోళ్ళ పిండిని ముందు రోజు నీళ్ళలో కలిపి ఓ పక్కన పెడతారు. అది పులుస్తుంది. తర్వాత కుండలో ఎసరు పెట్టి, గుప్పెడు నూకలు వేసి, అవి ఉడికాక పులిసిన పిండి పోసి తెడ్డుతో కలుపుతారు. చల్లారాక కుండ అలాగే ఉంటుంది. తెల్లారి ఎవరికి ఎప్పుడు కావాలంటే అప్పుడు ముంచుకుని, ఇంత ఉప్పు, మజ్జిగ ఉంటే మజ్జిగ పోసుకుని తాగుతారు. నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఇంట్లో ఉంటే ఎండుచేప. మిగతాది ఎండబెట్టిన ఆనప బుర్రలో పోసుకుని భుజాన వేసుకుంటే మధ్యాహ్నానికీ అదే. బుర్రలో అంబలి ఎండలో కూడా చల్లగా ఉంటుంది. మూత తీసి తాగడానికి చెయ్యి కడుక్కునే పని కూడా లేదు. ఇంతకంటే తొందరగా అయ్యే టిఫిన్‌ను ఏ కంపెనీ అయినా కనిపెట్టిందా అంటే నాకు అనుమానమే.

మైదానంలో దీనికి తోబుట్టువు తరవాణి. గంజి, కడుగునీళ్ళు పులియబెట్టిన కుండలోంచి తీసి రాత్రి అన్నంలో పోసుకోవడం సర్కారు జిల్లాల ఇళ్ళలో మొన్నమొన్నటి దాకా ఉన్నదే. పోతన భాగవతం దశమ స్కంధంలో చల్దులారగించే ఘట్టం గుర్తుందిగా. తెల్లవారగానే మందలు తోలుకుని అడవికి పోయే పిల్లలు కట్టుకెళ్ళినది చద్దిమూటలే. కృష్ణుడు ఎడమచేతిలో మీగడ పెరుగు కలిపిన ముద్ద పెట్టుకుని, వేళ్ళ సందుల్లో ఊరగాయ ఇరికించుకుని తోటివాళ్ళను ఊరిస్తాడు. పదిహేనో శతాబ్దపు కవి ఆ బొమ్మను అంత ఇష్టంగా గీశాడంటే, పొద్దున్నే పనికి పోయేవాళ్ళ తిండి అప్పటికే అలా స్థిరపడి ఉందన్నమాట.

మన్యంలో అంబలి కుండ నిండాలంటే చోళ్ళు, సామలు పండాలి. అవి పండేది ఎక్కువగా పోడులో. వాలులో చెట్లు కొట్టి, కాల్చి, ఆ బూడిదలో విత్తనం చల్లి రెండు మూడేళ్ళు పండించి, మరో చోటికి జరగడం ఆ పద్ధతి. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవులు వరసగా రిజర్వు అయ్యాయి, పోడు నేరమైంది. గొడ్డలి పట్టిన ప్రతివాడి మీదా ఫారెస్టు గార్డు కన్ను పడింది. పండించుకునేవాడు అప్పుకూ కూలికీ దిగాడు. ఆ కూలి ఎలా ఉండేదో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చూపించాడు. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేయించడానికి కొండవాళ్ళను బలవంతంగా తోలి, కూలి సరిగ్గా ఇవ్వకుండా పని చేయించాడు. సీతారామరాజు వెనక జనం కదలడానికి అటవీ చట్టంతో పాటు ఆ రోడ్డు కూడా కారణమని చరిత్రకారులు రాస్తారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, వెంటనే కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లు తుపాకుల కోసం దాడికి గురయ్యాయి. ఇవాళ మనం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఎక్కే ఘాట్ దారికి పునాది ఆ ఖాళీ కడుపుల మీద పడింది.

దానికి నలభై ఏళ్ళ ముందటి గొడవ కూడా పొద్దుటి తిండి గురించే అంటే కొందరు నవ్వుతారేమో. 1879 మార్చిలో రంపలో మొదలై గొలుగొండ కొండల దాకా పాకిన తిరుగుబాటుకు ముఖ్యకారణాల్లో ఒకటి కల్లు. చెట్టు గీసుకున్నందుకు అక్కడి పెత్తందారైన మన్సబుదారు వేసే చిగురుపన్ను, దాని మీద ఇంటి అవసరానికి కల్లు తీసుకోకూడదనే సర్కారు ఆబ్కారీ కట్టడి. మైదానం వాళ్ళకు కల్లు మత్తు సరుకు. కొండవాళ్ళకు జీలుగు కల్లు ఎండాకాలపు ఆహారం. గింజ అయిపోయి, కొత్త పంట ఇంకా చేతికి రాని నెలల్లో పొద్దున దించిన తాజా కల్లే కడుపు నింపేది. మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1945లో కొండరెడ్ల మీద ప్రచురించిన పుస్తకంలో ఈ సంగతి వివరంగా రాశాడు. అలాంటిదాని మీద పన్ను వేయడమంటే జీలుగు చెట్టు మీద కాదు, పొద్దుటి పూట మీద వేసినట్టే. ఈ మాట అంటే కల్లు తాగి బస్సెక్కమని కాదు. ఎండ ఎక్కే కొద్దీ అది పులుస్తుంది, మత్తెక్కుతుంది.

ఇక కొండ కింద సంగతి. మెక్‌కారిసన్ 1918లో కూనూరులో మొదలుపెట్టినది బెరిబెరి విచారణ విభాగం. పేరులోనే జబ్బు ఉంది. కాళ్ళు తిమ్మిరెక్కి, పట్టు తప్పి, గుండె బలహీనపడే ఆ రోగం తమిళ జిల్లాల్లో లేకుండా మన తీరంలోనే ఎందుకుంది? వాళ్ళు తిన్నది ఉప్పుడు బియ్యం. వడ్లను ఉడకబెట్టినప్పుడు పై పొరలోని థయమిన్ అనే విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది, తర్వాత దంచినా మరపట్టినా అంతా పోదు. మనం తిన్నది పచ్చి బియ్యం, అదీ మరలో తెల్లగా పాలిష్ పట్టించినది. దాన్ని పదేపదే కడిగి, గంజి వార్చి పారబోస్తే మిగిలిందీ పోతుంది. దంపుడు బియ్యం నడిచినంత కాలం ఈ ప్రమాదం తక్కువే. రైసుమిల్లు ఊరూరా వచ్చాక, తెల్లన్నం తినడం పరువు అయ్యాక చిక్కు వచ్చింది. మెక్‌కారిసన్ తర్వాత కూనూరు బాధ్యత తీసుకున్న ఐక్రాయిడ్ 1937లో భారతీయ ఆహారాల పోషక విలువల పట్టికను వెలువరించాడు. ఆ ప్రయోగశాలే 1958లో హైదరాబాదు తరలి వచ్చి ఇవాళ్టి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

ఆ సంస్థ 2017లో ఇచ్చిన పట్టికలు చూస్తే, వంద గ్రాముల చోళ్ళలో కాల్షియం 364 మిల్లీగ్రాములు, పాలిష్ బియ్యంలో పది కూడా లేదు. థయమిన్ బియ్యం కంటే ఏడు రెట్లు ఎక్కువ. పీచు పదకొండు గ్రాములు. తెల్లన్నం తినే దొరలు ఏ గింజను కూలివాళ్ళ తిండి అని తీసిపారేశారో, తమ కాళ్ళ తిమ్మిరికి మందు దాంట్లోనే ఉంది.

ఆ చిన్నచూపు కొండెక్కడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. ఆకలికి అది మంచి మందు, దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ డి.ఆర్. డిపోలనే చౌకధరల దుకాణాల ద్వారా ఆ బియ్యం మన్యం లోతుల దాకా చేరింది. చేతికి బియ్యం అందుతుంటే చోళ్ళు ఎవరు తూర్పారబడతారు, తిరగలి ఎవరు తిప్పుతారు? పోడు తగ్గింది, జీడిమామిడి పెరిగింది, కుండ స్థానంలో స్టీలు గిన్నె వచ్చింది. అంబలి తాగుతున్నామని చెప్పుకోవడానికి సిగ్గుపడే తరం వచ్చింది. ఆ తర్వాతే బస్టాండు పూరీ.

ఇప్పుడు గాలి మళ్ళీ తిరిగింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. అదే ఏడాది మార్చి 21న రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లలకు వారానికి మూడు రోజులు బెల్లం వేసిన రాగిజావ మొదలుపెట్టింది. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలు రాగులకు 4,886 రూపాయలు, సాధారణ రకం వడ్లకు 2,369. అంటే కూలివాడి గింజ ధర దొర గింజకు రెట్టింపు దాటింది. విశాఖ బీచ్ రోడ్డులో ఒళ్ళు తగ్గడానికి నడిచేవాళ్ళకు గ్లాసుల్లో రాగిజావ దొరుకుతోంది. ఆ రాగులు పండే కొండల నుంచి దిగినవాడికి బస్టాండులో దొరికేది బజ్జీ.

చోళ్ళను పొగిడే ఊపులో అబద్ధాలూ చాలా తిరుగుతున్నాయి. చద్దన్నంలో రాత్రికి రాత్రి ఇనుము ఇరవై రెట్లు అవుతుందన్నది వాటిలో ఒకటి. పులియబెడితే గింజలో లేని ఇనుము పుట్టదు. ఉన్న ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్ తగ్గి, ఒంటికి పట్టే వాటా పెరుగుతుంది, అంతే. మొలకెత్తించి ఆరబెట్టి ఆడించిన పిండిలోనూ అదే జరుగుతుంది. రెండోది, ఒక్క గ్లాసు పల్చటి జావతో సగం రోజు గడిచిపోతుందనడం. ముప్ఫై గ్రాముల పిండితో కాచిన గ్లాసులో ఉండేది నూరు కేలరీలు, ఇంచుమించు నూట పది మిల్లీగ్రాముల కాల్షియం. పోడు రైతు తాగింది గ్లాసు కాదు, బుర్ర. అందుకని బస్సెక్కేవాళ్ళు జావతో పాటు రాత్రే ఉడకబెట్టిన గుడ్డో, గుప్పెడు వేరుశెనగపప్పో, చింతపల్లి వైపు పండే రాజ్‌మా ఉడికించినదో తీసుకోవాలి. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు మెత్తటి పిండితో కాచిన పల్చటి జావను, అందులోనూ బెల్లం వేసినదాన్ని నమ్ముకోకూడదు. అది రక్తంలో చక్కెరను తొందరగా పెంచుతుంది. బరక పిండితో గట్టిగా కాచి, మజ్జిగతో, పప్పులతో తినడం వాళ్ళకు నయం.

రాత్రి పడుకునే ముందు పావుగంట కేటాయిస్తే పొద్దున పని అయిపోయినట్టే. అంబలి కాచి చల్లార్చి, మజ్జిగ కలిపి, మూత గట్టిగా పడే సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టొచ్చు. ఆనప బుర్ర చేసిన పని ఆ సీసా చేస్తుంది. అన్నం మిగిలితే ఆరగానే నీళ్ళో పల్చటి మజ్జిగో పోయాలి. వేసవిలో గంటల తరబడి ఏమీ పోయకుండా వదిలేసిన అన్నం కడుపు చెడగొడుతుంది, చద్దన్నానికి మంచిపేరు తెచ్చింది పులుపే గాని నిర్లక్ష్యం కాదు. అదీ కుదరకపోతే పెరుగులో తడిపిన అటుకులు, ఒక అరటిపండు. ఇవి అయిదు నిమిషాల పని.

అన్నీ ఇంటి మీదే వేయడం కూడా న్యాయం కాదు. వండేది ఎవరో మనకు తెలుసు, రాత్రి ఆ పావుగంట కూడా వాళ్ళదే అవుతుంది. అరకు కాఫీని పట్టణాలకు పరిచయం చేసిన గిరిజన సహకార సంస్థకు నర్సీపట్నం, చింతపల్లి, పాడేరు బస్టాండుల్లో తొలి బస్సు వేళకు అంబలి అమ్మే చిన్న దుకాణం తెరవడం పెద్ద పని కాదు. చోళ్ళు కొయ్యూరు, చింతపల్లి రైతుల దగ్గరే కొనాలి, కాచే పని స్థానిక మహిళా సంఘాలకు ఇవ్వాలి, గ్లాసు ధర టీ ధరను దాటకూడదు. ఆర్టీసీ అందుకు ఒక మూల అద్దె లేకుండా ఇవ్వాలి.