విలన్ అసలు వృత్తి వ్యవసాయం

తెలుగు సినిమాకు విలన్ లేనిదే కథ నడవదు. ఆ విలన్ అసలు వృత్తి వ్యవసాయం. లాటిన్‌లో విల్లా అంటే భూస్వామి ఇల్లూ పొలమూ. అందులో పనిచేసేవాడు విల్లానస్. 1086లో విలియం రాజు ఇంగ్లండ్ భూముల లెక్క తీయించి రాయించిన డూమ్స్‌డే బుక్‌లో పల్లె జనంలో అన్నిటికన్నా పెద్ద వర్గం వీళ్లే. అక్కడది ఒట్టి శిస్తు లెక్కల మాట. ఆ తర్వాత ఫ్రెంచి మాట్లాడే దొరల నోట రైతు మోటువాడయ్యాడు, మోటువాడు నీచుడయ్యాడు, నీచుడు చివరికి దుర్మార్గుడయ్యాడు.

చర్ల్, బూర్ కథా అంతే. మొదటివాడు పాత ఇంగ్లీషులో బానిస కాని మామూలు కాపు, రెండోవాడు డచ్చి రైతు. ఇప్పుడిద్దరూ మర్యాద తెలియని మొరటువాళ్లు. పేకలో మనం జాకీ అనేవాణ్ణి ఇంగ్లండ్‌లో చాలాకాలం నేవ్ అన్నారు. ఆ మాటకు కుర్రవాడనీ, తర్వాత పనివాడనీ, ఆపైన మోసగాడనీ అర్థాలొచ్చాయి. స్నాబ్ చెప్పులు కుట్టేవాడు. కేంబ్రిడ్జి విద్యార్థులు ఊరిజనాన్ని చిన్నచూపుతో అలా పిలిచారు. 1846-47లో ఇంగ్లీషు నవలాకారుడు థాకరే పంచ్ పత్రికలో స్నాబ్‌ల మీద వరస వ్యాసాలు రాశాక మాత్రం ఆ తిట్టు గొప్పవాళ్ల వెంట తిరుగుతూ తక్కినవాళ్లను ఈసడించేవాళ్లకే తగులుకుంది. తగిన శాస్తే!

తిట్టు తిన్నవాళ్లు ఊరుకోలేదు. 1679-81లో, ఇంగ్లండ్ రాజు తమ్ముడు, కేథలిక్ అయిన జేమ్స్‌కు సింహాసనం దక్కకూడదన్న తగాదాలో, అతని పక్షాన్ని ఎదుటివాళ్లు ఐర్లండ్ బందిపోట్లకున్న పేరుతో టోరీలన్నారు. వీళ్లు బదులుగా స్కాట్లండ్ తిరుగుబాటుదారుల పేరు తీసి వాళ్లను విగ్‌లన్నారు. రెండూ పార్టీల పేర్లుగా స్థిరపడ్డాయి. బ్రిటన్ కన్సర్వేటివ్‌లు నేటికీ టోరీలే. 1906లో డెయిలీ మెయిల్ పత్రిక, ఓటు హక్కు కోసం వీధికెక్కిన ఆడవాళ్లను వెక్కిరిస్తూ సఫ్రజెట్ అంది. మాట చివరి తోకలో చులకన ఉంది. వాళ్ల నాయకురాలు ఎమిలీన్ పాంక్‌హర్స్ట్ సంఘం 1912లో తన పత్రికకు ఆ పేరే పెట్టుకుంది.

1914లో ఫ్రాన్స్‌కు వెళ్లిన చిన్న బ్రిటిష్ సైన్యాన్ని జర్మనీ చక్రవర్తి ఒక ఉత్తర్వులో కంటెంప్టిబుల్, అంటే నీచమైనది, అని ఛీకొట్టాడని ప్రచారమైంది. ఆ ఉత్తర్వు అసలు ప్రతి ఎక్కడా దొరకలేదు. అయినా ఆ సైనికులు తమను ఓల్డ్ కంటెంప్టిబుల్స్ అని గర్వంగా చెప్పుకున్నారు.

మన దక్షిణాది నుంచి ఇంగ్లీషుకు వెళ్లిన మాటా ఒకటుంది: పరయా. తమిళనాట పరై డప్పుతో ముడిపడిన పరైయర్ కులం పేరు అది. 17వ శతాబ్దంలో ఇంగ్లీషులో చేరి, ఎవరూ దగ్గరకు రానివ్వని మనిషికి పేరైంది. వీధికుక్కకూ ఆ పేరే పెట్టారు దొరలు. ఇక్కడా తిట్టుకు జవాబొచ్చింది: ఆ కులం నాయకుడు రెట్టమలై శ్రీనివాసన్ 1893లో మద్రాసులో 'పరైయన్' పేరుతోనే పత్రిక తెచ్చారు. టోరీలు అధికారంలో ఉన్నవాళ్లు, వాళ్లకు తిట్టు మోయడం సులువు. వెలివేతను రోజూ అనుభవిస్తున్నవాళ్లు ఆ పేరు పత్రిక నెత్తిన అచ్చువేయడానికి గుండె ధైర్యం కావాలి.

ఇంత జరిగినా, ఏదైనా దేశాన్ని మిగతావి దూరం పెడితే ఇంగ్లీషు పత్రికలు ఇప్పటికీ పరయా స్టేట్ అనే రాస్తున్నాయి. రాసేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. బతికున్న జనం కులం పేరది. ఇంగ్లీషులో రాసే తెలుగువాళ్లయినా ఆ మాట వాడడం మానాలి.