లీ చాట్లియర్ సూత్రము

లీ చాట్లియర్ సూత్రము రసాయన సమతాస్థితికి సంబంధించిన నియమము. సమతాస్థితిలో ఉన్న వ్యవస్థలో ఉష్ణోగ్రతను గాని, పీడనమును గాని, గాఢతను గాని మార్చినపుడు, ఆ మార్పు ప్రభావమును తగ్గించే దిశకు సమతాస్థితి మొగ్గుతుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త హెన్రీ లీ చాట్లియర్ (1850–1936) 1884లో దీనిని ప్రతిపాదించాడు. సున్నము, సిమెంటుల రసాయనము ఆయన ముఖ్య పరిశోధనాంశము. కనుక పల్నాడు సున్నపు బట్టీలే ఈ సూత్రమునకు తగిన ఉదాహరణ.

== సున్నపు బట్టీలో ==

పల్నాడు జిల్లా (2022లో ఏర్పడినది) లోని పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు ప్రసిద్ధి. ఈ ప్రాంతమున సున్నపురాయి విస్తారముగా లభిస్తుంది. బట్టీలో జరిగే చర్య ఇది:

కాల్షియం కార్బొనేటు ⇌ కాల్షియం ఆక్సైడు + కార్బన్ డయాక్సైడు

పురోగామి చర్య ఉష్ణగ్రాహకము. ఒక మోలు కార్బొనేటుకు సుమారు 178 కిలోజౌళ్ళ వేడి కావాలి. అందువలన ఉష్ణోగ్రత పెంచితే సమతాస్థితి సున్నము వైపు మొగ్గుతుంది. మూసిన పాత్రలో 800 డిగ్రీల సెల్సియస్ వద్ద కార్బన్ డయాక్సైడు పీడనము సుమారు 0.2 అట్మాస్ఫియర్లు మాత్రమే. సుమారు 900 డిగ్రీల వద్ద అది 1 అట్మాస్ఫియరుకు చేరుతుంది.

అయితే బట్టీ మూసిన పాత్ర కాదు. వెలువడిన వాయువు ఎప్పటికప్పుడు పైకి పోతుంది గనుక సమతాస్థితి ఏర్పడక చర్య ముందుకే సాగుతుంది. గాలి సరిగా ఆడకపోతే ఆ వాయువు, బొగ్గు మండగా వచ్చిన వాయువు రాళ్ళ నడుమ నిలిచి విఘటనమును అడ్డుకొంటాయి. బొగ్గు ఖర్చయిపోతుంది, రాయి లోపలి భాగము మాత్రము కాలకుండా మిగులుతుంది. అట్లని మంట మితిమీరినా నష్టమే. అతిగా కాలిన సున్నము నీరు చల్లినపుడు త్వరగా పొడి కాదు. ఇది మాత్రము సమతాస్థితికి చెందిన విషయము కాదు. సున్నపు రేణువులు అతుక్కొని సూక్ష్మరంధ్రములు మూసుకొనుట వలన కలిగేది.

== విద్యార్థులు పొరపడే చోటు ==

మూసిన పాత్రలో సమతాస్థితి ఏర్పడిన తరువాత మరికొంత సున్నపురాయి వేస్తే వాయు పీడనము పెరుగుతుందా అని అడిగితే, పెరుగుతుందనే చాలామంది విద్యార్థులు వ్రాస్తారు. పెరగదు. రాయి, సున్నము ఘన పదార్థములు. వాటి పరిమాణము సమతాస్థితి స్థిరాంకములో చేరదు. ఉష్ణోగ్రత మార్చకుండా పాత్ర ఘనపరిమాణమును సగము చేస్తే, పీడనము క్షణకాలము పెరిగినా, కొంత సున్నము వాయువుతో కలిసి మరల కార్బొనేటుగా మారి, పీడనము సరిగ్గా మొదటి విలువకే వస్తుంది. స్థిరాంకమును మార్చగలిగినది ఉష్ణోగ్రత ఒక్కటే. ఉత్ప్రేరకము సమతాస్థితిని త్వరగా తెస్తుందే గాని దాని స్థానమును మార్చదు.

== వెల్ల వేసిన గోడ ==

సాధారణ ఉష్ణోగ్రత వద్ద సమతాస్థితి కార్బొనేటు వైపే ఉంటుంది. నీటితో కలిపి గోడకు పూసిన సున్నము గాలిలోని కార్బన్ డయాక్సైడును మెల్లగా పీల్చుకొని, మరల కాల్షియం కార్బొనేటుగా మారి గట్టిపడుతుంది.