ఈజిప్టు దేశపు ఇంటి నృత్యము



వేతనమునకై చేయు నృత్యమును గూర్చి చరిత్రకారులు విస్తరించి వ్రాసిరి. కేవల సంతోషమునకై ఇంటిలో చేయు నృత్యమునకు వారంతగా చోటీయలేదు. ఈజిప్టు దేశమును నిదర్శనముగాఁ గొని దానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

పాశ్చాత్యులు 'ఉదరనృత్యము' అని పేరు పెట్టినదానిని ఆ దేశస్థులు 'రక్స్ బలదీ' యందురు. 'బలద్' అనఁగా దేశము, ఊరు. కావున 'మన ఊరి ఆట' యని భావము. రంగస్థలమెక్కిన రూపమునకు 'రక్స్ షర్కీ', అనఁగా తూర్పుదేశపు నృత్యమని పేరు. ఇందు పాదములు చాలవఱకు నిలిచినచోటనే యుండును. నడుము సున్నలు చుట్టును, భుజములు కంపించును, ఒకవైపు మాత్రమే తోలు మూసిన దర్బుకా దెబ్బకు కటి బదులు చెప్పును. కథాభినయము ప్రధానము గాదు గనుక మన శాస్త్రపరిభాషలో దీనిని నృత్తమనుట తగును.

పూర్వము కైరో నగరమున ఈ కళతో జీవించువారు రెండు తెగలు. 'అవాలిమ్' అను పేరు విద్యయను అర్థముగల 'ఇల్మ్' శబ్దమునుండి పుట్టినది. వీరు ధనికుల అంతఃపురములలో పాడెడివారు. 'గవాజీ'లు వీథులలోను ముంగిళ్లలోను ఆడెడివారు. 1834లో పాలకుఁడు ముహమ్మదు అలీ రాజధానిలో బహిరంగముగా నాడు స్త్రీలను నిషేధించెను. మొదటి తప్పునకు 50 కొరడా దెబ్బలనియు, మరల చేసినచో కఠినశ్రమ యనియు 1836లో వెలువడిన తన గ్రంథమున ఎడ్వర్డు లేను వ్రాసెను. అనేకులు దక్షిణమున కేనా, ఎస్నా, అస్వానులకుఁ బోయిరి. 1893లో చికాగో ప్రదర్శనమున 'కైరో వీథి' యనుచోట ఈ నృత్యమును వింతగాఁ జూపిరి. 1926లో బదియా మసాబ్ని కైరోలో వినోదశాల తెఱచెను. తహియా కారియోకా, సామియా గమాలులు అందు పేరుగాంచి చలనచిత్రములకెక్కిరి.

ఇన్ని మార్పులు జరుగుచుండఁగా ఇంటిలోని ఆట ఆగలేదు. పెండ్లినాఁడు ఆఁడువారందఱు ఒకచోటఁ జేరుదురు. ఒకరు తాళము వేయుదురు. ఒకరు తుండుగుడ్డ నడుమునకు బిగించి లేతురు. మేనత్త కూర్చుండఁగా పినతల్లి లేచును. బాలికలు చూచియే నేర్తురు. గురువు లేఁడు, బహుమానము లేదు. రెండు బారల చోటు చాలును. రాజశాసనము వీథిని ఊడ్చెను గాని వసారాలోని యీ చోటును ముట్టలేకపోయెను.

మనదేశమునను 19వ శతాబ్ది చివర భోగముమేళములపై గొప్ప చర్చ జరిగినది; 1947లో మద్రాసు రాష్ట్రమున దేవదాసీ సమర్పణమును మాన్పు చట్టము వచ్చినది. స్త్రీలను బంధించిన ఆచారము పోవుట న్యాయమే. ఆ వేడిలో ఆటకే దోషమంటఁగట్టి, ఇంటి పడుచు పాటకు నడుము కదల్చిన కనుబొమలు ముడివేయు అలవాటు మాత్రము మనలో కొందఱకు మిగిలినది.

నేను వ్యాకరణము చెప్పి జీవించినవాఁడను. బడిలో జీతమునకుఁ జెప్పిన పద్యమే, సాయంకాలము అరుగుమీఁద నాకై నేను చదువుకొనునపుడు వేఱు రుచి నిచ్చును. గొబ్బి తట్టు బాలికకును, బతుకమ్మ చుట్టు తిరుగు ముత్తైదువకును, కైరో నగరపు ఇల్లాలికిని కలుగు ఆనందము ఆ జాతిదే. పెద్దలమైన మనము దానికి వాకిట రెండు బారల చోటు విడిచిన చాలును.