అమెరికా వీసా అప్లికేషన్ నెలల తరబడి పెండింగ్‌లోనే ఉందా? ముందు ఈ తేదీ చూసుకోండి!

ఫైల్ చేసి నెలలు దాటింది. ఫోన్‌లో యూఎస్‌సీఐఎస్ సైట్ ఓపెన్ చేస్తే మళ్లీ అదే లైన్.. ‘కేస్ వాజ్ రిసీవ్డ్’. అమెరికాలోని చాలా తెలుగు ఇళ్లలో ఇదే టెన్షన్. హెచ్‌4 ఈఏడీ మీద ఉద్యోగం చేస్తున్నవాళ్లకైతే మరీ ఎక్కువ. 2025 అక్టోబర్ 30 నుంచి ఫైల్ చేసిన రెన్యువల్స్‌కు పాత 540 రోజుల ఆటోమేటిక్ పొడిగింపు లేదు. పాత కార్డు గడువు ముగిసేలోగా కొత్తది అప్రూవ్ కాకపోతే పని ఆపేయాల్సిందే. జీతం కూడా అక్కడితో ఆగినట్టే.

మరి ఏం చేయాలి? అసలు అది ఆలస్యమా, క్యూనా అన్నది ముందు తేల్చుకోవాలి. చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉంది. అందుకే ఈబీ-2, ఈబీ-3 కేటగిరీల్లో మనవాళ్లకు ఏళ్ల తరబడి నిరీక్షణ. వీసా బులెటిన్‌లో తమ డేట్ రానంతవరకు ఎన్ని ఫోన్లు చేసినా లాభం లేదు.

ఈఏడీ, హెచ్‌1బీ పొడిగింపు లాంటి వాటికి లెక్క వేరు. రిసీట్ నోటీసు మీద ఉన్న తేదీని సైట్‌లోని ‘ప్రాసెసింగ్ టైమ్స్’ పేజీలో ఎంటర్ చేస్తే, ఎంక్వైరీ ఎప్పటి నుంచి పెట్టొచ్చో చూపిస్తుంది. ఆ తేదీ దాటాక ఆన్‌లైన్‌లోనే రిక్వెస్ట్ పెట్టుకోవచ్చు. ఇల్లు మారారా? 10 రోజుల్లోగా కొత్త అడ్రస్ ఇవ్వాలి. లేదంటే అదనపు పత్రాలు అడిగే నోటీసు పాత ఇంటికి వెళ్తుంది. జవాబు గడువు దాటితే కేసుకే ఎసరు!

హెచ్‌1బీ పిటిషన్‌కు కంపెనీ ప్రీమియం ఫీజు కడితే 15 పనిదినాల్లో ఏదో ఒక స్పందన వస్తుంది. పొడిగింపు గడువులోగా ఫైల్ చేసి ఉంటే, అదే కంపెనీలో 240 రోజుల వరకు పని చేసుకోవచ్చు కూడా. హెచ్‌4 ఈఏడీకి ఈ రెండు వెసులుబాట్లూ లేవు. ఎక్స్‌పిడైట్ రిక్వెస్ట్ పెట్టొచ్చు కానీ, ‘నాకు ఉద్యోగం కావాలి’ అన్న ఒక్కమాట సరిపోదు. తీవ్ర ఆర్థిక నష్టమో, అత్యవసర పరిస్థితో ఉందని కాగితాలతో చూపించాలి. రెన్యువల్‌ను గడువుకు 180 రోజుల ముందు నుంచే ఫైల్ చేయొచ్చు కాబట్టి ఆ తేదీని క్యాలెండర్‌లో పెట్టుకోవడమే మేలు.

అప్పటికీ కదలకపోతే? సొంత నియోజకవర్గ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసును అడగొచ్చు. పౌరసత్వం, ఓటు అక్కర్లేదు. అనుమతి పత్రం మీద సంతకం చేసిస్తే వాళ్లే కేసు ఎక్కడుందో ఆరా తీస్తారు. ఆఖరి దారి ఫెడరల్ కోర్టులో మాండమస్ దావా. లాయర్ ఖర్చు గట్టిగానే ఉంటుంది. కోర్టు కూడా త్వరగా నిర్ణయం తీసుకోమనే చెబుతుంది తప్ప అప్రూవ్ చేయమని చెప్పదు.

ఇంకో విషయం.. స్టేటస్ మార్పు దరఖాస్తు పెండింగ్‌లో ఉండగా ఇండియా ఫ్లైట్ ఎక్కితే, ఆ దరఖాస్తును వదిలేసుకున్నట్టే లెక్కగడతారు. టికెట్ బుక్ చేసే ముందే లాయర్‌ను అడగాలి.