యవలు లేని బీరు

ఐరోపాలోను, అమెరికాలోను బీరు నిత్యజీవితంలో ఒక భాగం. సాయంకాలం పని ముగిసిన తరువాత నలుగురూ కూడేది చాలాచోట్ల బీరుగ్లాసు చుట్టూనే. ఆ గ్లాసు అందుకొనడానికి వీలులేనివారు నూటికి సుమారు ఒకరు ఉన్నారు. వారు మత్తుకు వెరచి మానుకొన్నవారు కారు. అందులోని ధాన్యానికి వెరచి మానుకొన్నవారు. పానం మంచిదా చెడ్డదా అన్న విచారణ ఇక్కడ మాకు ప్రస్తుతం కాదు. ఆ నూటికొక్కరి నోటికి రుచించే బీరు దొరకడానికి, రోగకారణం తెలిసిన పిమ్మట కూడ, అరవై ఏళ్లు ఎందుకు పట్టినదన్నదే ప్రశ్న.

గోధుమపిండిని ముద్దచేసి నీటిలో కడుగుతూ పోతే పిండి అంతా కొట్టుకొనిపోయి, చివరకు చేతిలో సాగే జిగట ముద్ద ఒకటి మిగులుతుంది. అదే గ్లూటెన్. పాశ్చాత్యుల రొట్టె పొంగడానికి అదే ఆధారం. యవలలో, అనగా బార్లీలోను, రై అనే ధాన్యంలోను దీనికి దగ్గరి చుట్టాలైన మాంసకృత్తులున్నవి. సీలియాక్ వ్యాధి కలవారి శరీరం వీటిని శత్రువులుగా ఎంచి, ఆ పోరులో తన చిన్నప్రేవుల లోపలి పొరనే దెబ్బతీసుకొంటుంది. తిన్నది ఒంటబట్టదు. పసిపిల్లలైతే పొట్ట ఉబ్బి, కాళ్లు చేతులు పుల్లలై, ఎదుగుదల లేక కృశిస్తారు.

1888లో లండను వైద్యుడు శామ్యూల్ గీ ఈ రోగాన్ని వర్ణించి, చికిత్స అంటూ ఉంటే అది ఆహారంలోనే ఉండాలన్నాడు. ఏ ఆహారమో ఆయనకు అంతుపట్టలేదు. 1924లో అమెరికాలో సిడ్నీ హాస్ అనే వైద్యుడు ఇటువంటి పిల్లలకు అరటిపండ్లు పెట్టి బ్రతికించాడు. మహిమ పండుదనుకొన్నారే గాని, రొట్టె మానడంలో ఉన్నదని తట్టలేదు. గోధుమను అనుమానించి, ఆ అనుమానాన్ని వదలక వెంటాడినవాడు హాలండు దేశపు పిల్లల వైద్యుడు విల్లెం కారెల్ డిక్కె. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల ఆ దేశంలో దారుణమైన కరువు వచ్చినది. రొట్టె కరవై జనం ట్యూలిప్ దుంపలు సైతం తిన్నారు. దేశమంతా చిక్కిపోతున్న ఆ రోజులలో సీలియాక్ పిల్లలు తేరుకొన్నారు. రొట్టె తిరిగి రాగానే మళ్లీ పడిపోయినారు. ఈ పరిశోధనలన్నిటినీ డిక్కె 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంతగ్రంథంలో పొందుపరచినాడు.

రొట్టెకు బదులుగా బియ్యం, మొక్కజొన్న వచ్చినవి. బీరు మాట ఎవరికీ పట్టలేదు. దీనిని చాలాకాలం పిల్లల జబ్బుగానే భావించడం అందుకు ఒక కారణం. అంతకంటె పెద్ద కారణం బీరుకు, బార్లీకి ఉన్న అనుబంధం. 1516లో బవేరియా ప్రభువులు ఇంగోల్‌స్టాట్‌లో చేసిన శాసనం ప్రకారం బీరులో బార్లీ, హాప్స్, నీరు తప్ప మరేదీ వేయరాదు. శాసనం మాట అటుంచినా, బార్లీ ఈ పనికే పుట్టినట్లుంటుంది. గింజను నానబెట్టి మొలకెత్తించి ఆరబెడితే మాల్టు అవుతుంది. మొలకలో పుట్టే ఎంజైములు, గోరువెచ్చదనం దాటిన నీటిలో, గింజలోని పిండిని చక్కెరగా మార్చివేస్తాయి. గింజ పైనున్న పొట్టు అడుగున పరుపులా పేరుకొని రసాన్ని వడపోస్తుంది. ఇన్ని సుగుణాలు ఒక్క గింజలో కుదిరినవి గనుకనే ఆ కారాగారం అంత గట్టిది.

మరి జొన్న? జొన్నపిండి ఉడకడానికి బార్లీపిండి కంటె ఎక్కువ వేడి కావాలి. ఆ వేడికి ఎంజైములు చచ్చిపోతాయి. పొట్టు పరుపు లేదు. ఇవి చూసి ఐరోపా బీరుశాస్త్రజ్ఞులు జొన్నను తేలికగా కొట్టివేశారు. కాని జొన్న పుట్టినిల్లయిన ఆఫ్రికాలో ఏ గ్రంథమూ చదవని స్త్రీలు తరతరాలుగా జొన్నబీరు కాస్తూనే ఉన్నారు. బుర్కినా ఫాసోలో దానిపేరు డోలో, ఘనాలో పిటో, దక్షిణాఫ్రికాలో మొక్కజొన్న కూడ కలిపి చేసేది ఉంకొంబొతి. చిక్కగా, పుల్లగా, గంజినీళ్ల రంగులో ఉండే ఈ ఉంకొంబొతిని కొద్ది రోజులలోనే త్రాగివేయాలి. సంకటి తిని, కలి త్రాగి ఎరిగిన మనవారికి ఆ పులుపు అర్థమవుతుంది. సీసాలో తళతళలాడే పసుపుపచ్చని బీరుకు అలవాటుపడినవారికి అది బీరుగా కనిపించలేదు.

జొన్నతో తేటబీరు సాధ్యమని పెద్దఎత్తున ఋజువుచేసినది రోగుల మీది దయ కాదు, విదేశీ మారకద్రవ్యపు కొరత! 1988లో నైజీరియా ప్రభుత్వం బార్లీ మాల్టు దిగుమతిని నిషేధించినది. అక్కడి కర్మాగారాలు మూసుకొనడమో, జొన్నను మచ్చికచేయడమో తప్పలేదు. సూక్ష్మజీవుల నుండి తీసిన, ఎక్కువ వేడికి ఓర్చుకొనే ఎంజైములను బయటి నుండి కలిపి వారు జొన్న, మొక్కజొన్నలతో బీరు కాచినారు.

అమెరికాలో ఆ దారి 2006లో తెరుచుకొన్నది. మిల్‌వాకీ నగరపు లేక్‌ఫ్రంట్ వారి న్యూ గ్రిస్ట్, ఆ ఏడాది చివర ఆన్‌హైజర్-బుష్ వారి రెడ్‌బ్రిడ్జ్ జొన్నతో వచ్చినవి. ఆ కాలంలోనే ఇద్దరు సీలియాక్ రోగులు కలిసి బార్డ్స్ అనే బీరును జొన్నమాల్టుతో చేశారు. ఏళ్ల తరబడి స్నేహితుల మధ్య నీళ్లగ్లాసుతో కూర్చున్నవారు వీటిని ఆప్యాయంగానే అందుకొన్నారు. అయినా నిజం చెప్పాలి. తొలినాటి జొన్నబీర్లలో చాలావాటికి మొదట ఒక తీపి, చివర ఒక వగరు, మధ్య ఏమీ లేదు. మాల్టుకు బదులు జొన్నపాకంతో కాచి, దానిచేత బార్లీ వేషం కట్టించబోవడమే లోపమని మా అభిప్రాయం.

ఇంకొక దారి పట్టినవారు బార్లీనే ఉంచి గ్లూటెన్‌ను విరుగగొట్టదలచినారు. చల్లబరచిన బీరు మసకబారకుండా ఉండడానికి కనిపెట్టిన ఒక ఎంజైము ఇందుకు అక్కరకు వచ్చినది. 2012లో ఆరెగన్ రాష్ట్రంలో ఈ పద్ధతిని వచ్చిన ఒమిషన్ బీరు రుచికి నిజంగా బీరే. కాని గ్లూటెన్ ముక్కలైనదంటే మాయమైనదని అర్థం కాదు. 2017లో వెలువడిన ఒక పరిశోధనలో 31 మంది సీలియాక్ రోగుల రక్తాన్ని పరీక్షించగా, జొన్న వంటి ధాన్యాలతో చేసిన బీరుకు కాక, ఇట్లా విరిచిన బార్లీ బీరుకు మాత్రమే స్పందించిన రక్తం ఇద్దరిది. ఇద్దరే గదా అనవచ్చు. ఆ ఇద్దరిలో తాము ఉన్నదీ లేనిదీ త్రాగేవారికి ముందు తెలియదు. అమెరికా ఆహార శాఖ గ్లూటెన్‌కు 2013లో పది లక్షల పాళ్లకు 20 పాళ్లని హద్దు పెట్టి, 2020లో పులియబెట్టిన పదార్థాలకు మరొక షరతు చేర్చినది: గ్లూటెన్ లేదని చెప్పుకొనే సరకు, పులియకముందే ఆ హద్దుకు లోబడి ఉండాలి.

రుచి, క్షేమం రెండూ కలిసినది మూడవ దారిలో. 2011లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో ఒక సీలియాక్ రోగి, ఆయన మిత్రుడు గ్లూటెన్‌బెర్గ్ అనే సంస్థను ప్రారంభించినారు. వారు నమ్ముకొన్నది చిరుధాన్యాలను, బక్‌వీట్ గింజలను. ఏ గింజ రుచి దానిదిగా ఉండనిచ్చి, దానికి తగిన బీరును కూర్చినారు. 2012లో ప్రపంచ బీరు పోటీలలో గ్లూటెన్ లేని తరగతిలో బంగారు, వెండి, కంచు పతకాలు మూడూ వారికే వచ్చినవి. పోర్ట్‌లండ్‌లో మరొకరు వేయించిన చెస్ట్‌నట్ కాయలతో నల్లబీరు కాచినారు. కొలరాడో రాష్ట్రంలో చిరుధాన్యాలను మొలకెత్తించి మాల్టుచేసే కొట్టు ఒకటి వెలసినది. బార్లీ పొట్టు చేసే వడపోత మాత్రం ఈ చిన్నగింజల వల్ల కాదు. అందుకు ఆ దేశాల కర్మాగారాలవారు బస్తాలకు బస్తాలు కొని కలుపుతున్న సరకు, మన మిల్లుల వెనుక గుట్టలుపడి ఉండే వరి ఊక.