ఏ గాటన కట్టాలి ఈ కాలేజీల్ని?

మన ఊళ్లలో ‘ఆర్ట్స్ కాలేజీ’ అంటే లెక్కలు తప్పించుకున్నవాళ్లు చేరే చోటని ఒక చులకన ఉంది. అమెరికాలోని ‘లిబరల్ ఆర్ట్స్ కాలేజీ’ గురించి విన్నప్పుడు కూడా చాలామంది అదే అర్థం చెప్పుకుంటారు. కానీ మధ్యయుగపు యూరప్‌లో ఈ ఆర్ట్స్ ఏడు. వ్యాకరణం, తర్కం, వక్తృత్వం మూడు. మిగతా నాలుగు అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళశాస్త్రం. అందులో సంగీతాన్ని కూడా స్వరాల నిష్పత్తుల లెక్కగానే చదివేవారు. అంటే సగానికి పైగా లెక్కలే! ‘లిబరల్’ అంటే లాటిన్‌లో స్వతంత్రుడికి తగినదని అర్థం. బానిసకు నేర్పేది పని, స్వతంత్రుడికి చెప్పేది చదువు అన్న పాత తేడా ఆ మాటలో ఉండిపోయింది.

1636లో మసాచుసెట్స్‌లో హార్వర్డ్ మొదలైనప్పుడు అదీ ఒక చిన్న కాలేజీయే. అప్పట్లో అన్నీ చిన్నవే కాబట్టి వాటికి వేరే పేరు అక్కర్లేకపోయింది. 1793లో విలియమ్స్, 1821లో ఏమ్హర్స్ట్ వచ్చాయి. ఈ మధ్యలో జరిగిన ఒక కోర్టు తగాదా ఈ కథకు ఆయువుపట్టు. న్యూహాంప్‌షైర్ ప్రభుత్వం డార్ట్‌మత్ కాలేజీని తన చేతిలోకి తీసుకోబోయింది. కాలేజీకి ఇచ్చిన చార్టర్ ఒక ఒప్పందమనీ, శాసనసభ దాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి వీల్లేదనీ 1819లో సుప్రీంకోర్టు తేల్చింది. సొంత చార్టర్, సొంత పాలకమండలి, సొంత డిగ్రీ: రెండు వేల మంది విద్యార్థులు కూడా లేని కాలేజీ అక్కడ తలెత్తుకుని నిలబడటానికి ఇవే మూలం.

1833లో ఒహాయోలో పుట్టిన ఓబర్లిన్ రెండేళ్లకే నల్లజాతి విద్యార్థులకు, 1837లో డిగ్రీ చదవాలనుకున్న ఆడపిల్లలకు తలుపులు తెరిచింది. అదే 1837లో మేరీ లయన్ మౌంట్ హోలియోక్‌ను స్థాపించింది. ఇంతలో 1862 నాటి మోరిల్ చట్టం భూములిచ్చి వ్యవసాయ, యంత్రవిద్యల కోసం ప్రభుత్వ కళాశాలలకు దారి వేసింది. 1876లో తెరిచిన జాన్స్ హాప్కిన్స్ పరిశోధనే ప్రధానమంది. ఆ పెద్దవి వచ్చాకే ఇవి ‘చిన్నవి’ అయ్యాయి. పీహెచ్‌డీలు లేవు, వైద్యకళాశాల లేదు, న్యాయకళాశాల లేదు అంటూ లేనివాటిని బట్టి వీటిని గుర్తుపట్టడం అప్పుడే మొదలైంది.

ఈ కాలేజీల వర్గీకరణ చదువు కోసం కాక పింఛను కోసం పుట్టిందంటే నవ్వొస్తుంది గానీ అది నిజం. 1905లో ఆండ్రూ కార్నెగీ కాలేజీ అధ్యాపకుల పింఛన్ల కోసం కోటి డాలర్లు ఇచ్చాడు. ఆ డబ్బు ఎవరికి పంచాలో తెలియాలంటే ముందు ‘కాలేజీ’ అంటే ఏమిటో తేలాలి. కనీసం ఆరుగురు పూర్తికాలపు ప్రొఫెసర్లు, నాలుగేళ్ల కోర్సు, చేరేముందు నాలుగేళ్ల హైస్కూలు చదువు ఉండాలని కార్నెగీ ఫౌండేషన్ నియమం పెట్టింది. ఒక మతశాఖ అధీనంలో ఉన్నవాటికి ఇవ్వమంది. దాంతో కొన్ని కాలేజీలు తమను పెంచిన చర్చితో తెగతెంపులు చేసుకున్నాయి. సిద్ధాంతాలు చేయలేని పని పింఛను చేసింది.

ప్రభుత్వం కూడా ఒక ప్రయత్నం చేసి చేతులు కాల్చుకుంది. 1911లో కెండ్రిక్ బాబ్‌కాక్ అనే అధికారి 344 సంస్థలను నాలుగు తరగతులుగా విడదీశాడు. పట్టభద్రులు పైచదువుల్లో ఎలా రాణిస్తున్నారన్నదే ఆయన కొలబద్ద. జాబితా పత్రికలకు పొక్కింది. కింది తరగతుల్లో పడ్డ కాలేజీల పెద్దలు గగ్గోలు పెట్టారు. దేశాధ్యక్షుడు టాఫ్ట్ దాన్ని విడుదల చేయొద్దన్నాడు, ఆయన తర్వాత వచ్చిన విల్సన్ కూడా బయటపెట్టలేదు.

ఇప్పుడు వాడుకలో ఉన్న వర్గీకరణకు మూలరూపం 1973లో అచ్చయింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడిగా పనిచేసిన క్లార్క్ కెర్ నాయకత్వంలోని కార్నెగీ కమిషన్ పరిశోధకుల సౌకర్యం కోసం దాన్ని తయారుచేసింది. అందులో లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు ఒకటి, రెండు అని రెండు రకాలు. ప్రవేశాల్లో ఎంత వడపోత ఉంది, పేరున్న విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ చేసినవాళ్లు ఎందరు అన్నవి మొదటి రకానికి గుర్తులు. బాబ్‌కాక్ కొలబద్దే మళ్లీ వచ్చిందన్నమాట. ఒకటి, రెండు అని అంకెలు వేశాక అవి మెట్లు కాకుండా ఉంటాయా? 1983లో యూఎస్ న్యూస్ పత్రిక ర్యాంకులు మొదలుపెట్టింది. ఆ తర్వాత కార్నెగీ వర్గాలనే ఆధారం చేసుకుంది. పరిశోధకుల సొరుగులో ఉండాల్సిన పట్టిక అలా ఇంటింటికీ చేరింది.

కార్నెగీ వాళ్లు దిద్దుబాటుకు దిగారు. 2000లో వడపోతను లెక్కలోంచి తీసేసి, సగం డిగ్రీలైనా మౌలిక శాస్త్రాలు, కళల్లో ఇస్తే చాలన్నారు. 2005లో ‘లిబరల్ ఆర్ట్స్’ అన్న మాటనే వదిలి ‘ఆర్ట్స్ అండ్ సైన్సెస్’ అన్నారు. ఆర్థికవేత్త డేవిడ్ బ్రెనెమన్ 1990లో డిగ్రీల లెక్క తీసి, పేరుకు తగ్గ లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు 212 మాత్రమే అన్నాడు. 2012లో మరికొందరు పరిశోధకులు ఆ 212ని మళ్లీ పరిశీలిస్తే 130 మిగిలాయి. తక్కినవాటిలో చాలావరకు మూతపడలేదు. బిజినెస్, నర్సింగ్ కోర్సులు పెంచుకుని మరో గాటికి మారాయి.

పేర్లను నమ్ముకుంటే మాత్రం తికమకే. కోల్గేట్, బక్నెల్, వెస్లియన్ పేర్లలో యూనివర్సిటీ ఉన్నా అవి ఈ జాతివే. డార్ట్‌మత్ పేరులో కాలేజీ ఉన్నా అది పీహెచ్‌డీలు ఇచ్చే విశ్వవిద్యాలయం. స్వార్త్‌మోర్‌లో ఇంజనీరింగ్ చదవొచ్చు. సైనికాధికారులను తయారుచేసే వెస్ట్ పాయింట్‌ను సైతం యూఎస్ న్యూస్ లిబరల్ ఆర్ట్స్ జాబితాలోనే పెడుతుంది. ఇక ‘చిన్న’ అన్న మాటకు కార్నెగీ పట్టికలో వేరే లెక్క ఉండేది: వెయ్యి నుంచి 2,999 మంది విద్యార్థులున్న నాలుగేళ్ల సంస్థను ‘చిన్నది’ అనేవారు.

ఈ తరహా కాలేజీ మన దగ్గరికి రాలేదా అంటే, సగమే వచ్చింది. గుంటూరులో 1885లో అమెరికన్ లూథరన్ మిషనరీలు ఏ.సి. కాలేజీ పెట్టారు. కానీ అది అప్పట్లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం. సిలబస్, పరీక్ష, డిగ్రీ అన్నీ అక్కడివే. భవనం వచ్చింది, చార్టర్ రాలేదు. ఈ రోజుకీ మన చట్టంలో డిగ్రీ ఇచ్చే హక్కు ప్రధానంగా విశ్వవిద్యాలయాలది. అందుకే శ్రీసిటీలో లిబరల్ ఆర్ట్స్ బోధించే క్రియా కూడా యూనివర్సిటీగానే పుట్టాల్సి వచ్చింది.

అమెరికాలో కూడా ఈ కాలేజీలకు గాలి అనుకూలంగా లేదు. న్యూయార్క్ రాష్ట్రంలో 1868 నుంచి నడిచిన వెల్స్ కాలేజీ 2024లో మూతపడింది. మీ అమ్మాయికో అబ్బాయికో అమెరికాలో డిగ్రీ చదువు వెతుకుతుంటే ర్యాంకు కన్నా ముందు ఆ కాలేజీ ఖజానా చూడండి, ఏయే సబ్జెక్టుల్లో ఎన్ని డిగ్రీలు ఇస్తోందో చూడండి. యూఎస్ న్యూస్ వారి ‘నేషనల్ యూనివర్సిటీస్’ పట్టికలో విలియమ్స్ పేరు కనబడలేదని మాత్రం కంగారు పడకండి. అది ఉండేది పక్క పట్టికలో.