ఎండను అనుమానించిన డాక్టరు

చలి దేశాల్లో గుండెజబ్బు మరణాలు శీతాకాలంలో పెరుగుతాయి, వేసవిలో తగ్గుతాయి. చలి వల్లేనని చాలామంది సరిపెట్టుకున్నారు. 1981లో రాబర్ట్ స్క్రాగ్ అనే డాక్టరు మాత్రం ఎండ వైపు చూశారు. శీతాకాలపు నీరెండలో చర్మం విటమిన్ డి సరిగా తయారు చేసుకోలేదు. ఆ లోటే గుండెను దెబ్బతీస్తోందేమోనన్నారు.

అప్పటిదాకా డి అంటే ఎముకల సంగతే. 1919లో బెర్లిన్‌లో కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బున్న పిల్లలకు పాదరస దీపం వెలుగు పట్టించారు. ఒక చేతికే వెలుగు తగిలినా రెండో చేతి ఎముకా గట్టిపడింది! చర్మంలో పుట్టినదేదో రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతోందన్నమాట. 1922లో అమెరికాలో మెక్‌కాలమ్ అనే శాస్త్రవేత్త కాడ్ లివర్ ఆయిల్‌ను వేడిచేసి, గాలి పంపి, అందులోని విటమిన్ ఎ పోయేలా చేశారు. అయినా ఆ నూనె రికెట్స్‌ను నయం చేసింది. అందులో మిగిలిన గుణానికి డి అని పేరు పెట్టారు.

మోతాదు మించితే రక్తనాళాల్లో కాల్షియం పేరుకుంటుందని 1920ల చివర్లోనే జంతు ప్రయోగాల్లో తేలింది. మాత్రలు అమ్మేవాళ్లు ఈ ముక్క పెద్దగా ఎత్తరు.

స్క్రాగ్ ఊహకు బలం చేకూరుతూనే వచ్చింది. గుండెపోటు వచ్చినవాళ్ల రక్తంలో డి తక్కువగా ఉందని 1990లో ఆయన బృందమే చూపింది. 2008లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనమూ ఇలాంటి సంబంధాన్నే చూపింది. ఇక్కడ ఒక చిక్కుంది. జబ్బుమనిషి, స్థూలకాయుడు బయట తక్కువ తిరుగుతారు. వాళ్లలో డి ఎలాగూ తక్కువే. మరి ఏది కారణం, ఏది ఫలితం?

తేల్చడానికి స్క్రాగే పూనుకున్నారు. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో 5,108 మందికి నెలనెలా క్యాప్సూళ్లు పోస్టులో వెళ్లాయి: సగం మందికి లక్ష యూనిట్ల డి, మిగతా సగానికి ఉత్తుత్తివి. 2017లో ఫలితం అచ్చయింది. డి తీసుకున్నవాళ్లలో 303 మందికి, ఉత్తుత్తి క్యాప్సూళ్లవాళ్లలో 293 మందికి గుండె, రక్తనాళాల జబ్బులు వచ్చాయి. లోటుతో మొదలైనవాళ్లకూ మేలు కనబడలేదు. ఆ పత్రంలో మొదటి పేరు స్క్రాగ్‌దే; నా లెక్కలో 1981 నాటి ఊహ కన్నా ఇదే ఆయన చేసిన పెద్ద పని. మరుసటి ఏడాది అమెరికాలో 25,871 మందితో జరిగిన వైటల్ అనే పరీక్షా డి వల్ల గుండెకు లాభం లేదనే తేల్చింది.

ఎండకు కొదవలేని తిరుపతి ప్రాంతంలోనూ డి లోటు కనిపించిందని అక్కడి పరిశోధకులే రాశారు. కాబట్టి లోటుంటే డాక్టరు రాసిన మోతాదు ఎముకల కోసం వేసుకోండి. గుండె కోసమైతే బీపీ, షుగరు చూపించుకోండి, సిగరెట్ మానండి.